మన ఇంట్లోని పరాయి పెట్టె

పోయిన శ్రావణంలో మా ఇంటి డీవీఆర్ మూగబోయింది. డీవీఆర్ అంటే దుకాణాల్లో నిఘా కెమెరాలకు తగిలించేది కాదు. టీవీలో వచ్చే కార్యక్రమాలను తనలోని హార్డ్ డిస్కులో దాచి, మనకు తీరికైనప్పుడు చూపించే సెట్ టాప్ బాక్సు. 2012లో కొన్నాను. పాత వస్తువు పోయింది, అందులో రాయడానికేముంది అని మీరు అనవచ్చు. నా బాధ వస్తువు గురించి కాదు. దానితో పాటు పోయినదాని గురించి, అది పోయిన తీరు గురించి.

మా అమ్మకు ‘పాడుతా తీయగా’ అంటే ప్రాణం. 1996లో ఈటీవీలో అది మొదలైన నాటి నుంచీ వింటున్నదే. పిల్లల పాట కన్నా, పాట అయ్యాక బాలసుబ్రహ్మణ్యం చెప్పే నాలుగు మాటల కోసం ఎక్కువగా ఎదురుచూసేది. ఈ పెట్టె వచ్చాక రిమోట్ మీద ఎర్ర మీట నొక్కడం నేర్చుకుంది. మిగతా మీటలతో ఆమెకు పని లేదు. 2020 సెప్టెంబరు 25న బాలు వెళ్లిపోయాక, డిస్కు నిండిందని ఏదైనా చెరపబోతే “తీసేయాకు నాయనా, మళ్లీ వింటా” అనేది. మరుసటి ఏడు అమ్మా వెళ్లిపోయింది. పెట్టెలో 61 పేర్ల జాబితా మిగిలింది. పాటల మధ్య ఏ ఏటిదో ఉగాది పంచాంగ శ్రవణం, ఒక సీరియల్ చివరి భాగం, నిమ్మకాయ ఊరగాయ పెట్టే విధానం. అమ్మ డైరీ రాయలేదు. ఆ జాబితాయే ఆమె డైరీ.

మొదట బొమ్మ ఆగి ఆగి రావడం మొదలైంది. తర్వాత ఉన్నట్టుండి పెట్టె తనంతట తానే ఆగి, మళ్లీ మొదలయ్యేది. తీగలు ఊడదీసి పెట్టాను. వేరే అడాప్టరు తగిలించి చూశాను. నేర్చుకున్నదేమిటంటే, ఇలాంటి పెట్టెలకు ప్రధానంగా రెండు జబ్బులు. ఒకటి కరెంటు జబ్బు: అడాప్టరు నీరసించడమో, లోపలి కెపాసిటర్లు ఉబ్బడమో. ఇది చిన్న ఖర్చుతో పోతుంది. రెండవది డిస్కు జబ్బు: ప్రత్యక్ష ప్రసారం బాగానే వస్తుంది, దాచినది చూడబోతేనే తడబడుతుంది, లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. మాది రెండవది.

తప్పులో నా పాలూ ఉంది. ఆ పెట్టెను గాలి ఆడని చెక్క అరలో పెట్టి, పైన అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పాం. కడప ఎండలు తెలిసినవారికి ఆ అరలో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. పైగా, వస్తున్న కార్యక్రమాన్ని మధ్యలో ఆపి మళ్లీ చూసే సౌకర్యం కోసం, పెట్టె నడుస్తున్నంతసేపూ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. మనం ఏమీ దాచకపోయినా దానికి విశ్రాంతి లేదు.

నాలుగు రోడ్ల దగ్గర టీవీలు బాగుచేసే అబ్బాయి కోసం వెళ్తే అంగడి మూసి ఉంది. శ్రావణ శనివారం, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాడట. సోమవారం వచ్చి, చెవి ఆనించి విని, “డిస్కు పొయ్యిందన్నా. కొత్తది ఏస్తా గానీ, లోపల ఉండేది రాదు” అన్నాడు. కంపెనీ వారికి ఫోను చేస్తే, అన్నీ చెరిపి మొదటి స్థితికి తెమ్మన్నారు. అది వద్దంటే, పాతది అప్పగించి తగ్గింపు ధరకు కొత్తది తీసుకోమన్నారు. “మరి అందులో దాచుకున్నవి?” అని అడిగాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. ఆ ప్రశ్న వారి పుస్తకంలో లేనట్టుంది.

ఒక్క దారి దొరికింది. పెట్టె వెనుక పసుపు, ఎరుపు, తెలుపు తీగల రంధ్రాలున్నాయి. వాటి నుంచి లాప్‌టాపుకు వీడియో ఎక్కించే చిన్న పరికరం ఒకటి తెప్పించాను. గంట కార్యక్రమానికి గంట పడుతుంది, తొందరపెట్టడానికి లేదు. అరలోంచి తీసి, ఫ్యాను గాలిలో పెట్టి, రాత్రిళ్లు కూర్చుని తొమ్మిది గంటల పాటలు, ఒక పంచాంగ శ్రవణం బయటికి తీశాను. పదకొండో రోజు ఉదయం జాబితా తెరుచుకోలేదు. ఆ అబ్బాయి చేత డిస్కు విప్పించి కంప్యూటరుకు తగిలిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. దాని దృష్టిలో అది ఖాళీ డిస్కు. ఎందుకంటే అందులో ఉన్నదంతా సంకేత భాషలో ఉంది, తాళంచెవి ఆ పెట్టె దగ్గరే ఉంది. డిస్కు బాగున్న రోజున విప్పినా అదే జవాబు వచ్చేది.

నా అభ్యంతరం ఇక్కడే. దొంగ ప్రతులు అమ్ముకునేవారిని ఆపాలి, ఒప్పుకుంటాను. కానీ మన కాపీరైటు చట్టం, 1957లోని 39వ సెక్షను, ప్రసారమైనదాన్ని సొంత వాడుకకు రికార్డు చేసుకోవడం ఉల్లంఘన కాదని స్పష్టంగా చెబుతోంది. 2012లో తాళాలు పగలగొట్టడం నేరమంటూ 65ఏ సెక్షను చేర్చినప్పుడు కూడా, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తేనే నేరమన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 1984లోనే, సోనీ బీటామ్యాక్స్ కేసులో, ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం న్యాయమేనని తేల్చింది. చట్టం ఇచ్చినదాన్ని యంత్రం లాక్కుంటోంది. దానికి తీర్పూ లేదు, అప్పీలూ లేదు.

పాత వీసీఆర్ పాడైతే క్యాసెట్ పక్కింటి వీసీఆర్‌లో ఆడేది. టేపు నలిగితే ఆ నలిగినంత మేర పోయేది, మిగతాది మిగిలేది. ఇప్పుడు పెట్టె పోతే సర్వం పోయినట్టే. ఏ కంపెనీ పెట్టె అయినా ఏ కంపెనీ ప్రసారానికైనా పనికొచ్చేలా ఉండాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టలూ తెరిచింది. మంచివే. కానీ పెట్టె మారినా, బాగుపడినా, లోపల దాచుకున్నది మనతో రావాలన్న మాట కూడా అక్కడ చేరాలి. కంపెనీ పాత పెట్టె తాళంచెవిని కొత్త పెట్టెకు బదిలీ చేస్తే చాలు, దొంగ ప్రతి పుట్టదు, మన జ్ఞాపకమూ చావదు. ఇది సాంకేతికంగా అసాధ్యమంటే నేను నమ్మను.

“అన్నీ యూట్యూబులో ఉంటాయి కదా” అన్నాడు మా అబ్బాయి. కొన్ని ఉన్నాయి, నిజమే. రేపు ఉంటాయన్న హామీ ఎవరిది? 1960, 70 దశకాల్లో బీబీసీ అంతటి సంస్థే టేపులు చెరిపి మళ్లీ వాడుకుంది. అలా పోయిన ‘డాక్టర్ హూ’ భాగాలు కొన్ని తర్వాత దొరికింది, ఎక్కడెక్కడో మిగిలిపోయిన ప్రతుల వల్లనే. ఇళ్లలో, బీరువాల్లో ఉండే ప్రతులు కూడా భద్రతే. వాటికి తాళం వేయడం అందరికీ నష్టం. అయినా అమ్మ ఎంచిన 61 ఏ యూట్యూబులో దొరుకుతాయి?

చట్టం మారేదాకా ఒక్క మాట. మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే, అది టిక్కు టిక్కుమనక ముందే, కావలసినవి బయటికి తీసుకోండి. కనీసం ఆ జాబితాను ఒక ఫోటో అయినా తీసి పెట్టుకోండి. నాకు ఆ ఆలోచన పన్నెండో రోజు వచ్చింది.

కొత్త పెట్టె వచ్చింది. దానిలో డిస్కు లేదు, పెన్ డ్రైవ్ తగిలించుకోవాలట. అందులో దాచినది కూడా ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడదట. పాతదాన్ని అప్పగించలేదు. తగ్గింపు వదులుకుని పూర్తి ధర కట్టాను. ఇప్పుడది అమ్మ ట్రంకుపెట్టెలో, ఆ లేసు గుడ్డ కిందే ఉంది. చట్టం ప్రకారం అందులో ఉన్నది నాదే.