ఎర్రగడ్డ ఎక్కడ ఆగింది?

2019 డిసెంబరులో కిలో ఉల్లిపాయలు నూరు రూపాయలు దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. రైతుబజారులో ప్రభుత్వంవారు పాతిక రూపాయలకే ఇస్తున్నారని తెలిసి, తెల్లవారకముందే సంచీ పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రెండు గంటలు నిలబడి కిలో తెచ్చి ఇస్తే, మా ఇంటావిడ దాన్ని నగల పెట్టెలో పెడదామా అన్నది.

అదే గడ్డ 2025 సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు మార్కెట్టులో అడిగే దిక్కు లేక పడి ఉంటే, ప్రభుత్వమే క్వింటాలుకు 1,200 రూపాయల చొప్పున కొనవలసి వచ్చింది. అంటే కిలో పన్నెండు రూపాయలన్నమాట. ఆ వార్త పత్రికలో చదివి వినిపిస్తే మా ఇంటావిడ ఒక ప్రశ్న వేసింది:

"అప్పుడు మనం ఏడ్చాం. ఇప్పుడు వాళ్ళు ఏడుస్తున్నారు. మధ్యలో నవ్వేది ఎవరండీ?"

'దళారి' అని చటుక్కున చెప్పేద్దామనుకున్నాను. అందరూ చెప్పేది అదే కదా! దళారికి ఇందులో పాలు లేదని నేను అనను. కాని అన్ని పాపాలూ ఒక్కడి నెత్తిన వేసి చేతులు కడుక్కుంటే అసలు సంగతి తెలియకుండా పోతుంది. అందుకని ఈ వారం మన ఎర్రగడ్డ వెంట నాలుగు అడుగులు నడిచి చూద్దాం. (కడప వైపు ఉల్లిని ఎర్రగడ్డ అనీ, వెల్లుల్లిని తెల్లగడ్డ అనీ అంటారు. మా వదిన ఆ ఊరిది. ఆవిడ మా ఇంట్లో కాపురానికి వచ్చిన కొత్తలో 'తెల్లగడ్డ తెండి' అంటే మేము తెల్ల ఉల్లిపాయలు తెచ్చిపెట్టాం.)

కోడుమూరు, గూడూరు, పత్తికొండ ప్రాంతాలలో ఉల్లి ముఖ్యంగా వానకాలపు పంట. పెరికిన గడ్డకు కాడ కోసి, గోతాలకెత్తి, ట్రాక్టరుమీద మార్కెట్టుకు తెస్తారు. అక్కడ వేలం, కాటా, హమాలీల కూలి. అక్కడినుంచి లారీమీద తాడేపల్లిగూడేనికో, మరో పెద్ద మార్కెట్టుకో. మళ్ళీ వేలం. అక్కడినుంచి పట్నంలో టోకు వర్తకుడు, అతని దగ్గర చిల్లరకొట్టు, ఆ కొట్టునుంచి మన ఇంటి బుట్ట. పొలానికీ పోపుగిన్నెకూ మధ్య ఎన్ని చేతులో లెక్కపెట్టండి! దీనికి ఇంగ్లీషులో సప్లై చైన్ అని పేరు. సరఫరా గొలుసు అందాం. కాలేజీలలో దీనిమీద పెద్ద పెద్ద చదువులే ఉన్నాయి. కాని అందులో కదిలేవి మూడే మూడు. సరుకు పొలంనుంచి మనవైపు వస్తుంది. డబ్బు మననుంచి పొలంవైపు పోతుంది. కబురు మాత్రం రెండు వైపులా నడవాలి.

ఆ కబురు దగ్గరే చిక్కంతా ఉన్నది. ఉల్లి ధర పెరుగుతుందట అని పక్కింటావిడ అనగానే మనం కిలో కొనేచోట మూడు కిలోలు కొంటాం. చిల్లరకొట్టువాడు, 'ఓహో, గిరాకీ మూడింతలైంది' అనుకుని పది బస్తాలు తెప్పిస్తాడు. టోకువాడు లారీ అడిగే చోట నాలుగు అడుగుతాడు. నిజానికి మనం తినేది ఏమైనా పెరిగిందా? ఆ పది రోజులూ మన సాంబారులో అవే నాలుగు ముక్కలు! కాని కబురు మాత్రం ఒక్కొక్క చేతిలో ఉబ్బుతూ పోయి, రైతు చెవిన పడేసరికి కొండంతవుతుంది. అతను మరుసటి యేడు రెండెకరాలు వేసేచోట నాలుగు వేస్తాడు. ఊళ్ళో అందరూ వేస్తారు. అందరి పంటా ఒకే పదిహేను రోజులలో మార్కెట్టుకు వస్తుంది. ఇక చెప్పేదేమున్నది?

మరి ధర లేనప్పుడు ఇంటికి తీసుకుపోయి దాచుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కోడుమూరు దగ్గర ఒక పల్లెలో మా అక్కావాళ్ళకు ఐదెకరాలున్నది. మా బావ నావైపు జాలిగా చూసి, "దాచేకి అదేమన్నా జొన్నలా?" అన్నాడు.

నిజమే. జొన్నల సంగతి వేరు. మా అమ్మమ్మగారి ఇంటి ముందు పాతర ఉండేది. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా పక్కలా గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన గడ్డి కప్పి మట్టితో మూసేవారు. వాన చుక్క దిగకపోతే యేళ్ళ తరబడి గింజ చెడేది కాదు. తీసే రోజున మూత తెరిచి, లోపలి చెడుగాలి పోయేదాకా ఎవరినీ దిగనిచ్చేవారు కాదు. మాకు అదొక పండుగలాగా ఉండేది. సీమలో మూడేళ్ళకోసారైనా వాన మొహం చాటేస్తుందని తెలిసిన పెద్దలు, ఒక మంచి పంట నాడు రాబోయే చెడ్డ యేడును తలచుకుని తవ్వించిన పాతర అది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఇవాళ కూర ఏమిటన్నది పూటకు సరిపోయే నిర్ణయం. నెల సరుకులు ఎంత తేవాలన్నది నెలకు సరిపోయేది. తప్పు పోయినా సర్దుకోవచ్చు. కాని ఇల్లు కట్టేటప్పుడు కొట్టుగది పెట్టాలా వద్దా అన్నది అట్లాంటిది కాదు. ఒకసారి వద్దనుకున్నామా, ఆ ఇంట్లో మూడు తరాల కోడళ్ళు బియ్యం బస్తా మంచం కింద దూర్చుకోవలసిందే! వ్యాపారశాస్త్రం చదివినవాళ్ళు దీర్ఘకాలపు నిర్ణయాలని చెప్పేవి ఇవే. గిడ్డంగి ఎక్కడ, దారి ఎటు, ఎవరికోసం పండించాలి, ఏ రకం పండించాలి. మార్కెట్టు రోజున రైతు నోరెత్తలేకపోవడానికి కారణం ఆ రోజున పుట్టదు. పదేళ్ళనాడో, అంతకుముందో పుట్టి ఉంటుంది.

ఉల్లినే చూడండి. వానకాలపు గడ్డలో నీరెక్కువ. తడి నేలలోనుంచి పెరికి, తడి గాలిలో గోతాలకెత్తితే కొద్ది వారాలలోనే మొలకో కుళ్ళో తప్పదు. మామూలు కోల్డుస్టోరేజీలో బంగాళాదుంపల పక్కన పెడదామన్నా ఒప్పుకోదు. దానికి కావలసింది తేమలేని గాలి. మహారాష్ట్రలో నాసిక్ ప్రాంతంవాళ్ళు యాసంగి గడ్డను ఏప్రిల్, మే నెలల ఎండలో తీసి, బాగా ఆరబెట్టి, అడుగునుంచీ పక్కలనుంచీ గాలి ఆడేటట్టు కట్టిన పాకలలో పోసి, నాలుగైదు నెలలు నిలవ ఉంచుతారు. కొంత ఎండి తరుగుతుంది, కొంత కుళ్ళుతుంది. అయినా ధర చూసి అమ్మే వీలు వాళ్ళ చేతిలో ఉన్నది. ఆ పాకలు ఒక్క యేటిలో లేచినవి కావు. ఏ కాలంలో పండించాలి, ఏ రకం వేయాలి అన్నది ముందు తేల్చుకుని, తరువాత పాక కట్టారు. మనవాళ్ళు వానకాలపు గడ్డకే పాక కట్టించుకుంటే, కుళ్ళిపోవడానికి చక్కని చోటు ఏర్పాటు చేసినట్టవుతుంది, అంతే.

పెద్ద నిర్ణయాలు ఎట్లా తప్పుతాయో, తప్పి కూడా ఎట్లా మిగులుతాయో చూడాలంటే మన సీమవాళ్ళు ఎక్కడికో పోనక్కరలేదు. కె.సి. కాలువ గట్టుమీద నిలబడితే చాలు.

సర్ ఆర్థర్ కాటన్ దొర పేరు గోదావరి వైపే వినిపిస్తుంది గాని, తుంగభద్రను పడవల దారిగా చేసి సముద్రం దాకా కలపాలన్న ఆశ కూడా ఆయనదే. రైలుకంటే కాలువ చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. 1878లో లండనులో పార్లమెంటు సంఘం ముందు కూడా అదే వాదన. ఆ ఆశతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అని ఒకటి పుట్టింది. పది లక్షల పౌన్ల మూలధనానికి నూటికి ఐదు వడ్డీ ప్రభుత్వం హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, 1860లలో తవ్వకం సాగించి, 1870 ప్రాంతానికి కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ తెచ్చారు. నీళ్ళు పారడానికీ, పడవలు నడవడానికీ కూడా. అందుకే దానికి లాకులు కట్టారు.

లెక్క ఎక్కడ తప్పిందంటారా? రెండు చోట్ల. మొదటిది, నీళ్ళు ఇస్తే రైతు ఎగబడి కొంటాడనుకున్నారు. నల్లరేగడి రైతుకు జొన్నా పత్తీ వానతోనే పండుతాయి. ఆ నేలకు ఊరికే నీళ్ళు పెడితే చెడుతుందని అతని భయం. వాన లేని యేడు తప్ప డబ్బిచ్చి నీళ్ళు తీసుకోనన్నాడు. కొనేవాణ్ణి అడక్కుండా కొట్టు తెరవడమంటే ఇదే! రెండవది, పడవల సంగతి. తలపెట్టిన దారిలో తవ్వినది కర్నూలు కడపల మధ్య ముక్క ఒక్కటే. అటు పెద్ద పట్నమూ లేదు, ఇటు రేవూ లేదు. గొలుసులో ఒక్క కొక్కెం చేసి వదిలేశారన్నమాట. ఇంతలో మద్రాసునుంచి రైలు కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి రైలుతో కలిసింది. సరుకు రైలెక్కింది. ఆ దారిన పడ్డ ఆదోని పత్తికి పేరు మోసింది. ఆ రైలు కర్నూలు పట్నాన్ని మాత్రం తాకలేదు. 1876-78 కరవు నాడు రైలు దిగిన గింజ పల్లెకు చేరాలంటే మిగిలిన దారి ఎద్దుబండే, ఎద్దుకేమో మేత లేదు. కంపెనీ కోలుకోలేక, 1882లో కాలువను ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. 1930లు వచ్చేసరికి పడవల ముచ్చటా ముగిసింది.

అయితే కాలువ వృథా అయిందా? అదే విచిత్రం. పడవలు పోయాయి, నీళ్ళు మిగిలాయి. తవ్వినవాళ్ళ లెక్క తప్పినా, నంద్యాల పొలాలు వరికి అలవాటు పడ్డాయి. కర్నూలు సోనా బియ్యమని పట్నాలలో మనం ఏరి కోరి కొనుక్కునే స్థితి వచ్చింది. కాలువ కింద ఆయకట్టు రెండు లక్షల అరవై ఐదు వేల ఎకరాలని చెబుతారు. నూట యాభై యేళ్ళనాడు ఎవరో గీసిన గీత ప్రకారమే ఇవాళ్టికీ ఎవరి పొలంలో వరి, ఎవరి పొలంలో ఉల్లి అన్నది తేలుతున్నది. కాలువ కింద లేని పొలం మా బావది!

దారీ గిడ్డంగీ మాత్రమే కాదు, కొనేవాడు ఎవరన్నది కూడా దీర్ఘకాలపు నిర్ణయమే. కడప జిల్లా మైదుకూరు వైపు కృష్ణాపురం ఉల్లి అని ఒక రకం పండిస్తారు. దాని ఘాటూ సైజూ మన వంటకు పనికిరావని మనవాళ్ళు కొనరు. సింగపూరు, మలేషియా, థాయిలాండ్ దేశాలవాళ్ళు కొంటారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కితేనే దానికి విలువ. మంచి బేరమే! కాని 2019 సెప్టెంబరులో దేశంలో ధరలు మండుతున్నాయని ఉల్లి ఎగుమతి ఆపేశారు. ఆపినవారి ఉద్దేశం మన వంటింటికి ఉల్లి మిగలాలనే. కాని మనం తినని ఉల్లి ఆగితే మనకేం మిగిలింది? మళ్ళీ 2020 ఫిబ్రవరిలో, మార్చి నెలాఖరులోపల పదివేల టన్నులు మద్రాసు రేవుగుండానే పంపుకోవచ్చునని సడలింపు ఇచ్చారు. అదే యేడు సెప్టెంబరులో తిరిగి నిషేధం, అక్టోబరులో తిరిగి పదివేల టన్నుల సడలింపు. పొలంలో గడ్డ ఊరుతుంటే, దాని తలరాత ఢిల్లీలో ఒక కాగితంమీద నెలకో రకంగా మారింది. ఒక్క దారినే నమ్ముకున్న గొలుసు ఎంత గట్టిదైనా, ఆ దారికి తలుపు ఉంటే తాళం మన చేతిలో ఉండదు. ఆ రైతులది తప్పని నేను అనను. వాళ్ళకు దొరికిన మంచి ధర అదే.

మొన్న సంక్రాంతికి అక్కావాళ్ళ ఊరు వెళ్ళాను. బావ ఒక కాగితంమీద పాక బొమ్మ గీసి చూపించాడు. నాసిక్ వెళ్ళివచ్చిన స్నేహితుడెవరో చెప్పాడట. యాసంగికి రకం మార్చి రెండెకరాలు వేస్తాననీ, అన్నదమ్ములు ముగ్గురూ కలిసి పాక కట్టుకుంటామనీ అన్నాడు. నాకు మహా సంతోషమయింది. పైన చెప్పిన కబుర్లన్నీ పుస్తకం పట్టుకున్నట్టు ఆయనకు అప్పజెప్పాను. అక్క చేటలో కందిపప్పు చెరుగుతూ అంతా విన్నది.

"బాగానే ఉందిరా తమ్ముడూ. యాసంగి గడ్డకు మార్చి దాకా నీళ్ళు పెట్టాల. మన బోరు సంక్రాంతి దాటితే గంట కూడా పోయదు. పాక కట్టే దుడ్డు చేతిలో ఉంటే జూన్లో పాప కాలేజీ ఫీజు కట్టొచ్చు. ఏది ముందో నువ్వే చెప్పు మల్లా?"

బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను కాసేపు చేటవైపే చూస్తూ కూర్చున్నాను. తిరుగు ప్రయాణంలో అక్క ఇచ్చిన గోతాం బస్సు పైన వేశాను. ఇరవై కిలోలుంటుంది. ఇంటికి వచ్చి విప్పితే అడుగున నాలుగు గడ్డలు అప్పుడే మొలకెత్తి ఉన్నాయి. మా ఇంటావిడ వాటిని ఏరి, కాడలు తరిగి, ఆ పూటకు పప్పులో వేసింది.