గురిచూసే హక్కు

మా తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఏ ఊరి తీర్థానికి వెళ్ళినా ఒక దుకాణం తప్పకుండా కనిపిస్తుంది. చెక్కబల్లకి రంగురంగుల బూరలు కట్టి, ముందు ఒక గాలి తుపాకి పెట్టుకుని ఒకాయన నిలబడతాడు. డబ్బులిస్తే ఇన్ని గుళ్ళని లెక్క. మగపిల్లలు వరస కట్టి పేలుస్తారు. అక్కచెల్లెళ్ళు జీళ్ళ పొట్లం చేత పట్టుకుని, అన్న ఎన్ని బూరలు కొట్టాడో లెక్కపెడతారు. ఈమధ్య ఒక తీర్థంలో పన్నెండేళ్ళ పిల్ల "నాన్నా, నేనొక్కసారి" అంది. "నీకెందుకే, భుజానికి తగిలితే?" అన్నాడు తండ్రి. అంతకు నిమిషం ముందే ఎనిమిదేళ్ళ కొడుకు చేత ఆయనే పేల్పించాడు. వాడి భుజానికి తగలనిది అక్క భుజానికెలా తగులుతుంది?

చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది ఇది. కానీ ఆడపిల్లకి ఏది కుదరదో నేర్పే పాఠాలన్నీ ఇలా చిన్నచిన్నగానే మొదలవుతాయి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి.లో ఉండేదాన్ని. శిబిరంలో ఒక ఉదయం .22 రైఫిల్ చేతికిచ్చి, నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఐదు గుళ్ళు పేల్చమన్నారు. ఐదు చిల్లులూ ఎంత దగ్గరగా పడితే అంత మంచి గురి. నావి అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి. ఆ అట్టముక్క ఇంటికి తెచ్చుకున్నాను. పై పోటీలకి వేరే ఊరు వెళ్ళాలంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోలేదు. పెళ్ళి సంబంధం చూస్తున్నారు. మళ్ళీ రైఫిల్ ముట్టుకోలేదు. నాతోపాటు బోర్లా పడుకున్న ఆడపిల్లలందరి కథా ఇంచుమించు ఇదే. మా అందరి జీవితంలో గురిపోటీ ఒక్క ఉదయంతో మొదలై ఆ ఉదయంతోనే ముగిసింది.

మరి అవకాశం దొరికిన పిల్లలు ఏం చేశారో చూడండి. హైదరాబాదుకి చెందిన ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో ఫైనల్ చేరలేకపోయింది. మరుసటి ఏడు నింగ్‌బోలో జరిగిన ప్రపంచ కప్‌లో స్వర్ణం గెలిచింది. అదే పారిస్‌లో హర్యానా అమ్మాయి మనూ భాకర్ రెండు కాంస్యాలు గెలిచి, షూటింగ్‌లో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది. ఈ విజయాలకి అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల సందడిలో ఒక ప్రశ్న అడగడం మరిచిపోయాం. ఈషా కోసం కార్ల ర్యాలీ పోటీదారుడైన తండ్రి తన ఆటనే వదులుకున్నాడు. అలా వదులుకోగల తండ్రి లేని పిల్ల సంగతేమిటి?

2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదులో పెరిగినవాడే. అతని రైఫిల్ కోసం తల్లిదండ్రులు స్థలం అమ్ముకున్నారని పత్రికల్లో చదివాం. మా గోదావరి జిల్లాల్లో కూతురి కోసం పొలం అమ్మినవాళ్ళు కోకొల్లలు. అమ్మింది కట్నానికి. కూతురి ఆట కోసం ఒక్క సెంటు అమ్మినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

షూటింగ్‌లో కండబలంతో పెద్దగా పనిలేదు. ఊపిరి నిలపాలి, మనసు నిలపాలి, వేలు మెల్లగా నొక్కాలి. ఎయిర్ రైఫిల్ పోటీలో పది మీటర్ల దూరాన ఉండే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అరవై సార్లు దానికి గురిపెట్టాలి. సూదిలో దారం ఎక్కించే చేతులకి, రోజంతా వంగి లేసు అల్లే కళ్ళకి ఇది చేతకాని పనా?

అయినా ఈ ఆటలోనూ ఆడవాళ్ళకి గీసిన గీతలు తక్కువేమీ కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడా మగా కలిసి పోటీపడిన రైఫిల్ పోటీలో అమెరికాకి చెందిన మార్గరెట్ మర్డాక్, లానీ బాషమ్ సమానమైన పాయింట్లు సాధించారు. నిబంధనల ప్రకారం స్వర్ణం అతనికి, రజతం ఆమెకి ఇచ్చారు. జాతీయగీతం వేళ అతనే ఆమెని చేయిపట్టి తన మెట్టు మీదికి ఎక్కించుకున్నాడు. ఆ మనిషి సంస్కారం నిబంధనలకి లేకపోయింది. 1992లో బార్సెలోనాలో చైనాకి చెందిన ఝాంగ్ షాన్ మగవాళ్ళందరినీ ఓడించి స్కీట్ పోటీలో స్వర్ణం గెలిచింది. 1996 క్రీడల్లో స్కీట్ మగవాళ్ళకి మాత్రమే మిగిలింది. మహిళల స్కీట్ 2000లో గానీ రాలేదు. ఎయిర్ రైఫిల్‌లో మగవాళ్ళకి అరవై గుళ్ళు, ఆడవాళ్ళకి నలభై అన్న తేడా 2018లో గానీ పోలేదు. ఓపిక చాలదని ఎవరో మన తరఫున తేల్చేశారు. బస్తాలు మోసే ఆడకూలీల ఓపికని ఎవరూ ఎప్పుడూ శంకించలేదు!

ఈ మాటలు చెబితే మన సంస్థల్లోనే కొందరు మిత్రులు అభ్యంతరం చెబుతారు. "హింసకి వ్యతిరేకంగా పోరాడే మనం తుపాకి పట్టమనడమా?" అంటారు. కొట్టిపారేయవలసిన మాట కాదది. మన అనుభవంలో తుపాకి అంటే పోలీసుది, భూస్వామిది. కొల్లేటి పల్లెల్లో అయితే పిట్టల్ని కొట్టేవాడిది. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించాక ఆ వేట చట్టవిరుద్ధం. కానీ గురిపోటీలో తుపాకి ఎదుట ప్రాణి ఉండదు, కాగితం ఉంటుంది. అక్కడి మొదటి పాఠమే తుపాకి మొన మనిషివైపు తిప్పకూడదని. చెప్పేదాకా గుండు ఎక్కించకూడదు, ఆట అయ్యాక తాళం వేయాలి. ఆయుధాన్ని ఆటవస్తువుగా, మగతనానికి గుర్తుగా చూపే సినిమాలకంటే ఈ క్రమశిక్షణ నయం కాదా?

ఇంకొందరు దీన్ని అతిగా సమర్థిస్తారు. "నేర్పించండి, ఆత్మరక్షణకి పనికొస్తుంది" అంటారు. ఈ వాదన నాకు మరింత ఇబ్బందిగా ఉంటుంది. అత్యాచార కేసుల్లో అత్యధిక భాగం నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. మేనమామకీ, పక్కింటాయనకీ, మొగుడికీ ఎయిర్ రైఫిల్ సమాధానం కాదు. రక్షణ ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది, సమాజానిది. దాన్ని పన్నెండేళ్ళ పిల్ల భుజాన పెట్టకూడదు. ఆడపిల్ల ఏం నేర్చుకున్నా భయం కోసమే నేర్చుకోవాలా? కరాటే భయం కోసం, సెల్‌ఫోను భయం కోసం, ఇప్పుడు షూటింగ్ కూడానా? ఆనందం కోసం, గెలవాలన్న పంతం కోసం ఆమె ఏదీ చేయకూడదా?

ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. మహిళలపై అన్ని రకాల వివక్షనూ నిర్మూలించే అంతర్జాతీయ ఒడంబడికని భారతదేశం 1993లో ఆమోదించింది. దాని పదో అధికరణం క్రీడల్లో, వ్యాయామ విద్యలో ఆడపిల్లలకి సమాన అవకాశాలు ఉండాలంటుంది. పదమూడో అధికరణం వినోదాన్నీ క్రీడలనీ హక్కుగా చెబుతుంది. వరకట్నం మీద, గృహహింస మీద ఉద్యమిస్తూ ఈ అధికరణాల్ని మనమే పక్కన పెట్టేశాం. ఆట "తర్వాత చూద్దాం" జాబితాలో ఉండిపోయింది. పదేళ్ళ పిల్లకి "తర్వాత" అంటే పెళ్ళే.

అందుకని నా ప్రతిపాదన చిన్నది. పది మీటర్ల రేంజికి పెద్ద మైదానం అక్కర్లేదు. పొడవాటి గది, గట్టి వెనక గోడ, మంచి వెలుతురు, గుళ్ళని పట్టే పెట్టెలు చాలు. పోటీ స్థాయి రైఫిలు లక్షల్లో ఉంటుంది. ఒక కుటుంబం కొనలేదు కాబట్టే అది బడిది కావాలి, పదిమంది పిల్లలు వంతులవారీగా వాడుకోవాలి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, భీమవరంలో ఒక్కో ప్రభుత్వ బాలికల పాఠశాలలోనో మహిళా కళాశాలలోనో ఇలాంటి రేంజి పెట్టమని క్రీడాశాఖని అడుగుదాం. శిక్షకురాలు ఉండాలి. శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. సాధన అయ్యాక చీకటి పడకుండా ఊరు చేరే బస్సు ఉండాలి. పోటీలకి పంపేటప్పుడు వెంట వెళ్ళే ఆడమనిషి ఖర్చు కూడా బడ్జెట్‌లో ఉండాలి. ఈ నాలుగూ లేక ఆగిపోయిన పిల్లల్ని "ఆసక్తి లేనివాళ్ళు" అని రాసుకోవడం ఇకనైనా మానాలి.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి పతకం తెచ్చింది. ప్రతిభ మహానగరాల్లోనే పుడుతుందనే మాట ఆరోజే అబద్ధమైంది. కానీ ఆమె తర్వాత మన పల్లెల్లో ఎన్ని వ్యాయామశాలలు ఆడపిల్లలకి తలుపు తీశాయి? పతకం వచ్చిన రోజు ఊరేగింపులు చేసే పెద్దల్ని మర్నాడు అడగవలసిన ప్రశ్న ఇదే.

తీర్థంలో ఆ పిల్ల కదలకుండా నిలబడిపోయింది. నేను దుకాణం ఆయనకి డబ్బులిచ్చి తుపాకి ఆమె చేతికి ఇప్పించాను. తండ్రి మొహమాటపడ్డాడు గానీ వద్దనలేదు. మొదటి మూడూ తప్పిపోయాయి. నాలుగోది ఎర్ర బూరకి తగిలింది. "ఇంకోసారి?" అని నావైపు చూసింది. నాకు ఐదు గుళ్ళతో ఆగిపోయిన ఆ ఉదయం గుర్తొచ్చింది. ఆ పిల్ల అడిగిన "ఇంకోసారి"కి తీర్థంలో నేను డబ్బులివ్వగలను. రోజూ ఇవ్వవలసింది మాత్రం బడి, ప్రభుత్వం, మనం.