బదనికలన్నీ ఒకటి కావు

నాయుడుపేట ప్రాంతంలో మామిడితోటలోనో, ఊరిబయటి చింతమాను మీదనో కొమ్మను పట్టుకొని పెరిగే మొక్క ఏది కనిపించినా జనం దానిని బదనిక అనే అంటారు. ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జాతులు కలిసిపోవడం వల్ల ఏ పాపమూ ఎరుగని మొక్క ఒకటి అకారణంగా నశించిపోతున్నది. ఈ తేడాను రైతులు, గృహిణులు, బడిపిల్లలు తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మొదటిది అసలు బదనిక. ఇది మామిడికొమ్మ లోపలికి దిగి, చెట్టు తాగే నీటిని, లవణాలను పీల్చుకుంటుంది. మందపాటి ఆకులు, గొట్టాల వంటి ఎర్రని పూలు, జిగురు పండ్లు దీని గుర్తులు. ఆ పండ్లు తిన్న చిన్న పిట్టలే గింజలను మరో కొమ్మకు అంటిస్తాయి. ఇది పట్టుకున్న చోటికి కిందుగా రైతు కొమ్మను నరికివేయడం సబబే.

రెండవది ఆర్కిడ్ కుటుంబానికి చెందినది. మన మైదాన ప్రాంతంలో కనిపించే వాటిలో ముఖ్యమైనది వాండా. రెండు వరుసల్లో పట్టీల వంటి సన్నని ఆకులు, గాలిలో వేలాడే లావుపాటి తెల్లని వేళ్లు, గళ్లగుడ్డ వంటి గోధుమరంగు గీతలున్న సువాసన పువ్వు దీని లక్షణాలు. దీని వేళ్లు బెరడును పట్టుకుంటాయే గాని లోపలికి దిగవు. వానచుక్క, మంచు, బెరడు మీద చేరిన దుమ్ము, ఆకుల పొడి, వీటితోనే అది కాలం గడుపుతుంది. 1795లోనే రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీనిని బొమ్మతో సహా వర్ణించాడు. వాండా అనే పేరు కూడా బదనికకు సంస్కృతంలో ఉన్న వందాక అన్న మాట నుంచి వచ్చినదే. పండితుల చేతిలో సైతం దానికి ఈ నింద తప్పలేదన్నమాట!

ఇక శేషాచలం కొండల వంటి చోట్ల వేలెడంత ఉండే చిన్న ఆర్కిడ్లు కూడా ఉన్నాయి. ఏ బంధువో అటువంటిది ఒకటి తెచ్చి చేతిలో పెడితే, పేరు తెలియని ఆ మొక్కను ఇంటివారు ఎంతో ఆప్యాయంగా కుండీలో ఎర్రమన్ను, పేడ ఎరువు వేసి నాటి, తులసికి పోసినట్లు రెండు పూటలా నీరు పోస్తారు. కొద్ది రోజుల్లోనే వేళ్లు కుళ్లి మొక్క చనిపోతుంది. మన్ను వేళ్లకు గాలి ఆడనివ్వకపోవడమే ఇందుకు కారణం. ప్రేమ ఎక్కువై చంపడం అంటే ఇదే.

పేరు తెలియకపోయినా పెంచవచ్చు. అది పెరిగిన చెట్టును తలచుకుంటే చాలు. బెరడు ఉన్న కట్టెముక్కకు కొబ్బరిపీచుతో మొక్కను వదులుగా కట్టాలి. పెరటిలో మామిడో సపోటాయో ఉంటే దాని కొమ్మకే కట్టడం మరీ మంచిది. వేళ్లు పట్టు దొరకబుచ్చుకున్న తరువాత కట్టుతో పని ఉండదు. ఉదయపుటెండ తగలాలి, పడమటి ఎండ తగలరాదు. వేసవిలో ఉదయమే నీరు చిలకరించి, రాత్రికి వేళ్లు ఆరిపోయేలా చూడాలి. తడిసిన వేరు ఆకుపచ్చగా మారుతుంది, ఆరితే మళ్లీ తెల్లబడుతుంది. తెల్లబడితేనే మళ్లీ నీరు చల్లాలి. ఈశాన్య రుతుపవనాల వానలు సాగే రోజుల్లో ఆరుబయట ఉన్న మొక్కకు మనం చల్లనవసరమే లేదు. ఆకు ముడుతలు పడితే దాహమని, వేరు నల్లబడి మెత్తబడితే నీరు ఎక్కువైనదని గ్రహించాలి. అడుగున చిన్న ఉల్లిగడ్డల వంటి బుడిపెలు ఉంటే అవి నీటిని దాచుకునేవి గనుక ఇంకా తక్కువ చాలు. పేడ, యూరియా జోలికి పోరాదు.

అయితే ఇంటి మీద ముచ్చటతో బతికి ఉన్న చెట్ల నుంచి ఈ మొక్కలను పెరికి తేవడం మాత్రం తగదు. ఆర్కిడ్ కాయలో ధూళి వంటి గింజలు వేలకొద్దీ ఉన్నా, గింజలో దాచుకున్న తిండి లేనందున, బెరడు మీద తగిన బూజు తోడైతే తప్ప అది మొలవదు. మొలిచినది పూతకు రావడానికి సంవత్సరాలు పడుతుంది. రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా మొక్కలు తేవడం చట్టరీత్యా నేరం కూడా. ఫలానా నక్షత్రంలో ఫలానా చెట్టు బదనిక తెచ్చి గల్లాపెట్టెలో పెడితే సిరి కలుగుతుందన్న నమ్మకంతో కొమ్మలు గీకేవారూ ఈ సంగతి ఆలోచించాలి. గల్లాపెట్టె నిండేది కష్టంతోనే.

మరి ఇంటికి తెచ్చుకోదగినవి ఏవి? గాలివానకు కూలిన చెట్టు మీదివి, రోడ్డు విస్తరణకు కొట్టివేసిన చెట్ల మీదివి. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఈ పట్టణం చుట్టూ రహదారులు వెడల్పు అవుతూ వచ్చాయి. రోడ్లు అవసరమే, కాదనలేము. కాని దశాబ్దాల వయసున్న చింతమాను కూలినప్పుడు దాని మీది ఆర్కిడ్లు కట్టెలతోపాటు పొయ్యిలోకి పోవడం శోచనీయం. చెట్టు కొట్టే ముందు ఒక పూట గడువిచ్చి, వాటిని విడదీసి, బడి ఆవరణలోనో గుడి తోటలోనో ఉన్న చెట్లకు కట్టించడానికి పైసా ఖర్చు లేదు. కొబ్బరితాడు, నలుగురు పిల్లలు, ఒక ఉపాధ్యాయుడు ఉంటే సరిపోతుంది.

రోడ్ల శాఖ, అటవీ శాఖ అధికారులు, గ్రామ పంచాయతీలు ఈ చిన్న పనికి పూనుకోవాలి. మామిడి రైతులు కూడా కత్తి ఎత్తే ముందు ఒక్కసారి వేరు వంక చూడాలి. కొమ్మలోకి దిగితే కొట్టండి. బెరడు మీదనే పాకితే వదిలిపెట్టండి.