కనుక్కొని రా!

“అబ్బాయ్, నెల్లూరు పోయి, మిల్లులో ధాన్యం రేటు కనుక్కొని రా” అని మా కొడవలూరులో ఒక పెద్దాయన కొడుకును పంపాడనుకోండి. వాక్యం చిన్నదే గాని అందులో రెండు క్త్వార్థకాలున్నవి. పోవడం పూర్తికావాలి, కనుక్కోవడం పూర్తికావాలి. ఆ తరువాతనే రావడం. రేటు తెలిసేదాకా పెద్దాయన బస్తా కదలనివ్వడు. అరుగుమీద ఒక కునుకు తీస్తాడు.

కంప్యూటరువారు దీన్నే సింక్రొనస్ రిక్వెస్టు అంటారు. ‘సమకాలిక అభ్యర్థన’ అనే తెనుగుసేత నాకు నచ్చదు. ఒకే కాలంలో రెండు పనులు జరిగితే అది శత్రర్థకం - మాట్లాడుతూ నడవడం వంటిది. ఇక్కడ ఉన్నది ఒకరు అడిగి ఆగడం, రెండోవారు చేసి చెప్పడం.

యంత్రం లోపల ఇలా అడిగే పని డ్రైవరుది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిబొడ్డు కెర్నల్; ఆ కెర్నల్‌కూ డిస్కు వంటి పరికరానికీ మధ్య దుబాసీ ఈ డ్రైవరు. ఈ రోజుల్లో ఒక పెద్ద యంత్రాన్ని వాటాలుగా చేసి అనేకులకు అద్దెకిస్తున్నారు. ప్రతి వాటా తానొక సొంత యంత్రమనే అనుకుంటుంది. అద్దె వాటాలో నిజానికి బావి లేదు. చేద వేస్తే మాత్రం నీళ్లు వస్తున్నవి. గోడ అవతల యజమాని నింపి పంపుతున్నాడన్నమాట. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న జ్ఞాపకస్థలంలో డ్రైవరు చీటీ వేస్తుంది, యజమానిని తట్టి లేపుతుంది, జవాబు చీటీ కోసం ఆగుతుంది.

మైక్రోసాఫ్టువారి హైపర్-వి అటువంటి యజమాని. దాని కింద లినక్స్ కాపురం చేయడానికి కావలసిన డ్రైవర్లు, సుమారు 20,000 పంక్తులు, 2009 జూలైలో ఆ కంపెనీయే లినక్స్‌వారికి అప్పగించింది. అప్పటిదాకా ఉప్పూ నిప్పూగా ఉన్నవాళ్లు! వాటిని చక్కదిద్దడానికి కె.వై. శ్రీనివాసన్ ఎంత పాటుపడ్డారంటే, 2011లో వచ్చిన లినక్స్ 3.0లో అందరికంటె ఎక్కువ మార్పులు ఆయన పేరనే ఉన్నవి.

అందులో డిస్కు డ్రైవరుది సుఖమైన జీవితం. మొదటి పరిచయ సంభాషణలో ప్రశ్న వేసి హాయిగా నిద్రపోతుంది. అయిదు సెకన్లలో జవాబు రాకపోతే లేచి, గడువు దాటిందని చెబుతుంది. తక్కిన పనులు ఈలోగా సాగుతూనే ఉంటవి.

పి.సి.ఐ. పరికరాల డ్రైవరు సంగతి అలా కాదు. “ఈ పరికరం నన్ను పిలవాలంటే ఏ గంట కొట్టాలి?” అని యజమానిని అడిగే సమయానికి దాని చేతిలో ఒక తాళం ఉంటుంది. తాళం పట్టుకొని నిద్రపోతే ఆ తాళం కావలసినవాళ్లంతా గుమ్మం ముందు నిలిచిపోతారు. కనుక నిద్ర నిషిద్ధం. 100 మైక్రోసెకన్లకొకసారి జవాబుల పెట్టె తానే తెరిచి చూస్తుంది. సరే, ఈలోగా యజమాని ఆ పరికరాన్నే తీసేసుకుంటే? జవాబు రాదు, చూడడం ఆగదు, యంత్రం బిగుసుకుపోతుంది. అందుకని 2018లో ఒక జాగ్రత్త చేర్చారు: చూసినప్పుడల్లా పరికరం ఇంకా ఉన్నదా అని కూడా విచారించి, లేకపోతే బయటపడాలి.

ఇలా మధ్యలో లేచిపోవడంలోనే అసలు ప్రమాదం. కెర్నల్‌లో స్టాక్ అనే చోటు సత్రంలో గది వంటిది. పనిమీద ఉన్నంతసేపే మనది. మనం కదలగానే మరొకరు దిగుతారు. డ్రైవరు తన చీటీని ఆ గదిలోనే పెట్టుకుంటుంది. ఏ జవాబు ఎవరిదో తెలియడానికి ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు అంకె కావాలి కదా? చాలాకాలం ఆ అంకె మరేదో కాదు, చీటీ ఉన్న గది చిరునామాయే! జవాబు రాగానే ఆ చిరునామాకు వెళ్లి రాసేయడమే. డ్రైవరు వెళ్లిపోయాక జవాబు వస్తే, అది కొత్తగా దిగినవాడి సామానుమీద పడుతుంది. యంత్రం అక్కడికక్కడే కూలితే అదృష్టమే ననుకోవాలి. కూలకుండా, చెడిన లెక్కతో నడుస్తూ పోతేనే నాకు భయం. అందులో ఒకరి పొలం పట్టా ఉండవచ్చు, మరొకరి బ్యాంకు నిలవ ఉండవచ్చు.

పైగా యజమాని ఎప్పుడూ సజ్జనుడేనని నమ్మకమేమిటి? తప్పుడు చిరునామా తిప్పి పంపినా అద్దెవాడు కళ్లు మూసుకొని అక్కడే రాసేవాడు.

2020లో దీనికి విరుగుడుగా ఒక పట్టీ పెట్టారు. ఇక యజమానికి గది చిరునామా చెప్పరు. పట్టీలో వరుస అంకె మాత్రమే ఇస్తారు. ఏ అంకె ఏ గదిదో అద్దెవాడికే తెలుసు. పి.సి.ఐ. డ్రైవరుకు ఈ ఏర్పాటు 2022లో వచ్చింది. మధ్యలో లేచిపోయేటప్పుడు పట్టీలో తన అంకెను కొట్టివేసి మరీ పోవాలని నియమం. ఆ తరువాత జవాబు వస్తే డ్రైవరు పట్టీ తిరగవేస్తుంది. అంకె కొట్టివేసి ఉంటే, చెల్లని అంకె వచ్చిందని దినచర్యలో ఒక పంక్తి రాసి, ఆ జవాబును అవతల పారవేస్తుంది. గదిలో కొత్తగా దిగినవాడికి ఆ గొడవే తెలియదు.