దాడులు సరే, దవాఖాన ఏది?

కల్తీ కల్లు కామారెడ్డి జిల్లాకు కొత్త వార్త కాదు. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో కల్లు తాగినవారు పదుల సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఆబ్కారీ శాఖ నమూనాలు తీస్తుంది, కేసులు పెడుతుంది, నాలుగు దుకాణాలకు తాళాలు పడతాయి. కల్లులో మత్తు పొడి ఎవరు కలిపారన్నదొక్కటే అందరూ అడిగే ప్రశ్న. అడగాల్సిందే. మాదకద్రవ్యాల (ఎన్డీపీఎస్) చట్టం ప్రకారం, ఆ పొడి అంటే అల్ప్రాజోలం 100 గ్రాములకు మించి పట్టుబడితే పదేళ్లకు తగ్గని జైలు. ఆ శిక్ష పడేదాకా పోలీసులు, ప్రాసిక్యూటర్లు కేసును వదలకూడదు. ఊళ్లో ఈత, తాటి చెట్లు తక్కువ, దుకాణంలో సీసాలు ఎక్కువ అన్న లెక్క తెలియని అధికారి ఎవరూ ఉండరు. చెట్టెక్కి కల్లు దించే గీత కార్మికుణ్ని, పొడి కలిపే వ్యాపారిని ఒకే గాట కట్టొద్దు.

కానీ ఆ పొడి కలిసిన సీసా కోసమే జనం ఎందుకు ఎగబడుతున్నారన్నది ఎవరూ అడగరు. అల్ప్రాజోలం అంటే ఆందోళనకు, పానిక్ జబ్బుకు డాక్టరు చీటీ మీద రాసి, కొద్ది రోజులకే పరిమితం చేయాల్సిన మందు. మనసు వైద్యుడి జాడలేని పల్లెల్లో ఆ వైద్యం కల్లు దుకాణం చేస్తోంది. మోతాదు తెలియదు, గడువు లేదు.

ఎల్లారెడ్డి, కామారెడ్డి పల్లెల్లో మనసు విరగడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఎండిన బోర్లు. దుబాయి వీసా కోసం చేసిన అప్పు తీరకముందే ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషి. అక్కడి నుంచి శవపేటికలో వచ్చిన భర్త. రోజంతా బీడీలు చుట్టి, రాత్రి దెబ్బలు తినే ఆడమనిషి. ఉరేసుకున్న నాయనను కళ్లారా చూసిన పిల్లగాడు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. ఆ ఇంట్లో మిగిలినవాళ్లకు నిద్ర పడుతోందా అని అడిగే ఉద్యోగి మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేడు.

కష్టాలు అందరికీ ఉంటాయి, అందరూ తాగుతున్నారా అని కొందరంటారు. తాగరు. దావత్‌లో సరదాకు తాగేవాడికి గాయం ఉండి తీరాలనీ లేదు. అయినా లెక్కలు ఒక దిక్కే చూపుతున్నాయి. అమెరికాలో ఫెలిటీ, ఆండా అనే వైద్యులు తొమ్మిదిన్నర వేల మంది బాల్యాన్ని ఆరా తీసి, 1998లో ఫలితాలు ప్రకటించారు. కొట్లాటలు, లైంగిక హింస, ఇంట్లో తాగుబోతుతనం వంటివి నాలుగు రకాలు, అంతకు మించి చవిచూసినవాళ్లకు మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించింది. తండ్రి తాగి కొడితే ఆ దెబ్బ కొడుకు చేతికి సీసా అందిస్తుందన్నమాట. బలహీనుడు, బుద్ధిలేనివాడు అని తిట్టి చేతులు దులుపుకుంటే ఈ గొలుసు తెగదు.

గాయాన్ని వదిలేసి సీసాను మాత్రమే లాక్కుంటే ఏమవుతుందో 2015 సెప్టెంబరులో చూశాం. కల్తీపై ప్రభుత్వం ఒక్కసారిగా విరుచుకుపడింది. కామారెడ్డి అప్పటికింకా నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. మత్తు అందక ఫిట్స్ వచ్చినవాళ్లు, మెడలు వంకర్లు పోయినవాళ్లు, ఒంటి మీద సోయి లేనివాళ్లు సర్కారు దవాఖానలకు పోటెత్తారు. ప్రాణాలూ పోయాయి. అల్ప్రాజోలం అలవాటైన ఒంటికి దాన్ని ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం. డాక్టరు కనిపెట్టి చూస్తూ వారాల తరబడి మోతాదు తగ్గించాలి. వైద్య విద్యార్థికి పాఠంలో చెప్పే ఈ సంగతిని దాడికి వెళ్లే యంత్రాంగం మరిచిపోవడం నేరంతో సమానం.

మానసిక వైద్యం పొందడం 2017 చట్టం ప్రకారం పౌరుడి హక్కు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే (2015-16) మాత్రం మద్యం వ్యసనపరుల్లో 86 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేల్చింది. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారు తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కల్లు దుకాణం గోడ మీద ఉండాలి. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అక్కడి మానసిక వైద్యులు వారానికి రెండు రోజులైనా ఎల్లారెడ్డి దవాఖానలో కూర్చోవాలి. ఆశ కార్యకర్తలకు, బీడీ కార్మికుల సంఘాలకు, గ్రామ సమాఖ్యలకు శిక్షణ ఇచ్చి, ‘ఎంత తాగుతవ్’ కన్నా ముందు ‘నీకేమైంది’ అని అడగడం నేర్పాలి. ఈ పనికి నిధుల్లేవని రాష్ట్రం అనజాలదు. ఆబ్కారీ రాబడి నుంచి ఏటా ఒక వాటాను కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల్లో చికిత్సకు, కౌన్సెలింగ్‌కు కేటాయించాలి. ఇక ముందు ఏ మండలంలో దుకాణాలకు తాళాలు వేయాలన్నా, అక్కడి దవాఖానలో మందు, మంచం, డాక్టరు సిద్ధంగా ఉన్నారని జిల్లా వైద్యాధికారి సంతకం పెట్టాకే ఆబ్కారీ జీపు కదలాలి.