మరిగే నీళ్ళకి మంట పెంచితే

పోయిన నెల సెలవులకి ఇంటికొచ్చిన మావాడు వంటింటి గట్టెక్కి కూర్చుని, "అమ్మా, నాకు ఫిజిక్స్ అర్థం కావట్లేదు" అన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. నాకు నవ్వొచ్చింది. ముందు వారమే కాలేజీ నుంచి వచ్చిన మెసేజ్‌లో ఫిజిక్స్ మార్కులు బాగానే ఉన్నాయి మరి!

"మార్కులొస్తున్నాయి కదరా?"

"అవొస్తాయమ్మా. లెక్క చూడగానే ఏ ఫార్ములా వెయ్యాలో తెలిసిపోతుంది. అంతకు మించి ఏమీ తెలీదు."

ఆ మాటకి నా నవ్వు ఆగిపోయింది. నేనూ డిగ్రీలో అంతే. ప్రాక్టికల్ రికార్డు స్నేహితురాలిది చూసి దింపేసి, బొమ్మలు మాత్రం సొంతంగా వేసి పాసైపోయినదాన్ని.

అప్పుడు స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. బంగాళాదుంపలు వేసి మంట తగ్గించబోతే, "ఎందుకు తగ్గిస్తావ్? పెద్ద మంటయితే తొందరగా ఉడుకుతాయిగా" అన్నాడు. నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయని అడిగితే ఠక్కున 100 అన్నాడు. ఆవిరి గుప్తోష్ణం కూడా గ్రాముకి 540 కేలరీలని అప్పజెప్పాడు. అన్నీ వచ్చు! ఆ వచ్చినదానికీ ఎదురుగా ఉన్న గిన్నెకీ సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. రెండు గిన్నెల్లో నీళ్ళు కొలిచి పోసి, రెండూ మరిగాక ఒకే సైజు దుంపలు వేశాం. ఒకటి ఫుల్ మంట మీద, ఇంకోటి నీళ్ళు కుతకుతలాడేంత సన్న మంట మీద. ముందు నీ అంచనా రాయమంటే క్యాలెండర్ మీద రాశాడు: పెద్ద మంటకి పది నిమిషాలు, చిన్నదానికి ఇరవై. చాకుతో గుచ్చి చూస్తే రెండూ ఇంచుమించు ఒకేసారి మెత్తబడ్డాయి. వాడు క్యాలెండర్ వంకా గిన్నెల వంకా మార్చి మార్చి చూశాడు. పెద్ద మంట గిన్నెలో నీళ్ళు బాగా తగ్గిపోయి ఉన్నాయి. "ఆ గ్యాసంతా నీళ్ళని ఆవిరి చెయ్యడానికే పోయింది! అదేనా లేటెంట్ హీటంటే?" అని అరిచాడు. కుక్కర్లో ఎందుకు త్వరగా ఉడుకుతుందో ఆ తర్వాత వాడే చెప్పాడు. ఆవిరి లోపలే ఉండిపోయి ఒత్తిడి పెరుగుతుంది, నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ మరగవు. అంతవరకూ విజిల్ కూయడం వల్లే పప్పు ఉడుకుతుందనుకున్నాడట!

ఆ ముందు అంచనా వెయ్యడంలోనే ఉంది కిటుకంతా అని నా అభిప్రాయం. తప్పు అంచనా వేసినవాడికే అసలు సంగతి తెలుసుకోవాలని ఉంటుంది. జవాబు ముందే చెప్పేస్తే వాడు తలూపి రాసుకునేవాడు, అంతే.

ఇది నా సొంత తెలివేమీ కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఉన్నారు. లెక్కలు చకచకా చేసే తన విద్యార్థులే, మామూలు మాటల్లో బలం గురించి అడిగితే తప్పులు రాయడం చూసి ఆయన పాఠం చెప్పే పద్ధతే మార్చేశారు. ప్రశ్న ఇస్తారు, ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాడితో వాదించి మళ్ళీ ఎంచుకోవాలి. 1997లో దీని మీద పుస్తకం కూడా వేశారు. అలాంటి ప్రశ్నొకటి మన రోడ్డు మీదకి తెచ్చి చెప్తాను. లారీ, ఆటో గుద్దుకుంటే ఏది దేన్ని ఎక్కువ బలంతో గుద్దినట్టు? చాలామంది లారీయే అంటారు. రెండూ సమానమే. ఆటో తేలిక కాబట్టి అంతే బలానికి దాని వేగం ఒక్కసారిగా ఎక్కువ మారిపోతుంది, నుజ్జవుతుంది. న్యూటన్ మూడో నియమం రానివాళ్ళెవరు? అయినా లారీ అనే అంటాం.

మావారు మాత్రం, "ఇలా దుంపలు ఉడకబెట్టుకుంటూ కూర్చుంటే ర్యాంకొస్తుందా?" అన్నారు. కొట్టిపారేసే మాట కాదు. ఎంసెట్ పేరు మారిందే గానీ 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు మారలేదు. అందులో ఫిజిక్స్‌వి 40. సిలబస్ పరిగెత్తించే లెక్చరర్‌ని నేనూ తప్పు పట్టలేను. కానీ పాఠానికి ఒక్క ప్రశ్న, అయిదు నిమిషాల వాదన కూడా కుదరదంటే నమ్మను. అదే ప్రశ్నపత్రాన్ని వారం వారం మళ్ళీ మళ్ళీ చేయించడానికి దొరికే టైము దీనికి ఎందుకు దొరకదు?

మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. లారీ, ఆటో ప్రశ్న రూములో వేస్తే పెద్ద గొడవై, వార్డెన్ వచ్చి లైట్లార్పేదాకా ఆగలేదట. "సమానమే అని ఒక్కడే అన్నాడమ్మా. మరి ఆటోనే ఎందుకు నుజ్జవుతుంది, నువ్వు చెప్పు" అన్నాడు.

నోటిదాకా వచ్చింది. "రేపు రాత్రి మళ్ళీ పోట్లాడుకోండి" అని ఫోన్ పెట్టేశాను.