ఉప్పు ఎందుకు చెమరుస్తుంది?

పిల్లలూ, వానాకాలంలో ఒకసారి మీ వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడండి. ఎండాకాలంలో గలగలలాడిన ఉప్పు ముద్దకట్టి వుంటుంది. ఒక్కొక్కప్పుడు జాడీ అడుగున నీరు కూడా చేరి వుంటుంది. మా శాంతిపురంలో అవ్వలు ఉప్పు చెమర్చటం చూసి, "ఈ పొద్దు వాన వచ్చేట్టుంది," అంటారు. ఆ మాటలో కొంత శాస్త్రం లేకపోలేదు. జాడీలో ఎవరూ నీళ్లు పోయలేదు గదా! మరి ఆ నీరు ఎక్కడిది?

అది గాలిలోని నీరు. గాలిలో ఎల్లప్పుడూ కంటికి కనపడని నీటి ఆవిరి వుంటుంది. గాలి పట్టగలిగినంత ఆవిరిని 100 అనుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం అందులో 30 వుండవచ్చు. ముసురు పట్టిన రోజున 90 దాటవచ్చు. శుద్ధమైన ఉప్పును సోడియం క్లోరైడ్ అంటారు. గాలిలో తేమ సుమారు 75 దాటితే గాని అది నీటిని లాగి కరగదు. అట్లా అయితే, ముసురు లేని రోజుల్లో కూడా కొన్ని ఇళ్లలో ఉప్పు ఎందుకు చెమరుస్తున్నది?

ఇది తెలియాలంటే ఉప్పు పుట్టిన చోటికి పోవాలి. మన రాష్ట్రంలో నౌపడా, చినగంజాం, ఇసకపల్లి వంటి చోట్ల సముద్రపు నీటిని మళ్లలోకి పెట్టి ఎండబెడతారు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు వుంటాయి. అందులో నూటికి 85 పాళ్ల దాకా సోడియమూ, క్లోరైడూ. మిగిలినవి మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం మొదలైనవి. నీరు ఇగిరేకొద్దీ మెగ్నీషియం లవణాల కన్న ముందుగా ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం చాలావరకు అడుగు నీటిలోనే వుండిపోతుంది. ఆ నీరు చేదుగా వుంటుంది. దాన్ని తీసివేసి ఉప్పును కుప్ప పోస్తారు. ఎంత తీసినా రాళ్లను అంటుకుని కొంచెం మిగులుతుంది. ఈ మెగ్నీషియం క్లోరైడుకు గాలిలో తేమ 33 వుంటే చాలు, నీటిని లాగేస్తుంది. ఉప్పును తడిపే అసలు దొంగ ఇదే!

ఇక మరొక ఉప్పు సంగతి చెబుతాను. సముద్రపు చేపలను గాజుతొట్టిలో పెంచేవాళ్లను మీరు చూసి వుంటారు. మా ఊరికి సముద్రం ఎంతో దూరం. ఇటువంటి చోట ఆ చేపలకు సముద్రపు నీరు ఎట్లా వస్తుంది? లవణాల పొడిని మంచినీటిలో కలిపి తయారు చేస్తారు. 1854లో ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఇట్లా నీటిని తయారుచేశాడు. తరవాత ఛాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 దాకా మహాసముద్రాలు తిరిగి నీళ్లు పట్టి తెచ్చింది. విలియం డిట్‌మార్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వాటిలో 77 మచ్చులను పరీక్షించి, 1884లో ఒక గొప్ప సంగతి ప్రకటించాడు: ఏ సముద్రంలోనైనా ఉప్పు ఎక్కువ తక్కువలు వుండవచ్చు గాని, ముఖ్యమైన లవణాల పాళ్లు దాదాపు ఒకటే!

అందుచేత తొట్టి ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం లవణాలను కావాలనే కలుపుతారు. దొంగను మనమే ఇంట్లో పెట్టుకున్నట్టు! కాబట్టి ఈ పొడి మన వంట ఉప్పు కన్న త్వరగా తేమ పీలుస్తుంది.

తేమ పీలిస్తే ఏం నష్టం? ఒక లెక్క చెయ్యండి. 20 లీటర్ల నీటికి లీటరుకు 35 గ్రాముల చొప్పున 700 గ్రాముల పొడి కావాలి. ఆ పొడి బరువులో పదో వంతు తేమ అయితే, మీరు తూచిన 700 గ్రాములలో లవణాలు 630 గ్రాములే. మిగిలిన 70 గ్రాములు నీరు! అప్పుడు లీటరుకు 31.5 గ్రాములే అవుతుంది. త్రాసు అబద్ధం చెప్పలేదు. అయినా నీరు పల్చనైంది. ఇంతేకాదు, తడిసిన పొడిలో కాల్షియం బైకార్బొనేటుతో కలిసి సుద్ద అవుతుంది. ఇది తరవాత నీటిలో సులభంగా కరగదు, తెల్లగా అడుగున కూర్చుంటుంది. నీటిలో ఉప్పు హఠాత్తుగా మారితే చేపలు తట్టుకోలేవు. పాపం, అవి నోరు తెరిచి చెప్పనూ లేవు.

మన ఇంటి ఉప్పు తడిస్తే మరొక నష్టం వున్నది. ఇప్పుడు ఉప్పులో అయొడిన్ కలుపుతారు. మనిషికి బతికినన్నాళ్లకూ కావలసిన అయొడిన్ అంతా పోగు చేసినా చెంచాడు కాదు. కాని ఆ కాస్తా లేకపోతే మెడ దగ్గర గ్రంథి వాచి గలగండం వస్తుంది; పసిబిడ్డల మెదడు సరిగా ఎదగదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ ఉలిమిరి రామలింగస్వామి, 1956లో తోటి వైద్యులతో కలిసి హిమాలయాల దాపున కాంగ్రా లోయలో ఒక పరీక్ష ప్రారంభించాడు. కొన్ని గ్రామాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చారు. కొన్నేళ్లకు మొదటి గ్రామాలలో గలగండం బాగా తగ్గింది. అటువంటి ఉప్పును చెమర్చనిస్తే, తేమతోపాటు అయొడిన్ అడుగుకు దిగి, సంచీలోంచి కారిపోతుంది. చూడటానికి ఉప్పు వుంటుంది, దాని మేలు మాత్రం పోతుంది!

కనక ఉప్పును దాచటంలో ఈ జాగ్రత్తలు తీసుకోండి:

1. పింగాణీ జాడీగాని, గాజు సీసాగాని, బిగువైన మూత వున్న ప్లాస్టిక్ డబ్బాగాని వాడండి. రేకు డబ్బా తుప్పు పడుతుంది. మట్టి చట్టిలో ఉప్పు గోడలలోకి ఇంకి, పైకి తెల్లగా తేలి, పెచ్చులు రాలుస్తుంది.

2. సంచీ విప్పగానే కొద్దికొద్దిగా చిన్న డబ్బాలలో పోయండి. మూసిన డబ్బాలో గాలి కొంచెమే, ఆ గాలిలో తేమా కొంచెమే. మూత తీసినప్పుడల్లా కొత్త తేమ లోపలికి వస్తుంది.

3. తడిచేయి పెట్టకండి. పొడి చెంచా వాడండి. పొయ్యి పక్కనా, నేలమీదా పెట్టక, బల్లమీద పెట్టండి.

4. అయొడిన్ ఉప్పును ఆరబెడదామని ఎండలో పొయ్యకండి. ఎండకు కూడా అయొడిన్ తగ్గుతుంది.

5. తొట్టి ఉప్పులో సన్నని రేణువులు అడుగుకు చేరతాయి. వాడేముందు డబ్బాను బాగా దొర్లించండి. చేపలున్న తొట్టిలో పొడి పొయ్యకూడదు. వేరే పాత్రలో కలిపి, పూర్తిగా కరిగాకనే వాడాలి. అడుగున తెల్లని మడ్డి మిగిలితే ఆ నీరు చేపలకు వద్దు.

ఈ నెల మీరు చేయవలసిన పని ఒకటి వున్నది. ఒక సాసర్‌లో 50 గ్రాముల ప్యాకెట్ ఉప్పు, మరొక సాసర్‌లో అంతే బరువు రాళ్ల ఉప్పు పొయ్యండి. మూడో 50 గ్రాములు మూత బిగించిన సీసాలో పొయ్యండి. ముసురు పట్టిన రోజున మూడింటినీ ఒకే చోట పెట్టి, మర్నాడు మళ్లీ తూచండి. దేని బరువు ఎంత పెరుగుతుందో ముందే ఊహించి పుస్తకంలో రాసుకోండి. తరవాత త్రాసు ఏం చెబుతుందో చూడండి. మీ ఊహ తప్పితే చింతపడకండి. ఎందుకు తప్పిందో ఆలోచించండి. మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.